బండి వయసూ, కుర్రాడి వయసూ

పాత చీరలంటే మోజు ఉన్నవాళ్ళున్నారు. పాత పాటలంటే చెవి కోసుకునేవాళ్ళున్నారు. పాత ఆవకాయంటే మా వారికి ఎంత ప్రీతో మా వీధి వీధంతటికీ తెలుసు. వీటిలో దేనికీ ఇన్సూరెన్సు అక్కర్లేదు కనుక ఆ సంసారాలన్నీ సుఖంగానే సాగిపోతున్నాయి. ఈ మోజు కారు మీదికి మళ్ళితేనే వస్తుంది చిక్కు. అందులోనూ మోజుపడ్డవాడికి పందొమ్మిదేళ్ళయితే ఇక చెప్పాలా!

మా అక్కయ్యావాళ్ళు పాతికేళ్ళుగా ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉంటున్నారు. వాళ్ళబ్బాయి అక్కడే పుట్టి పెరిగాడు. పోయిన వేసవిలో నేను వాళ్ళింట్లో ఉన్న రెండు నెలల్లోనే వాడు 1967 నాటి మోరిస్ మైనర్ కారు కొన్నాడు. శనాదివారాలు ఒక దుకాణంలో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బు అది. గుండ్రటి బుగ్గలూ, పెద్ద పెద్ద కళ్ళూ, చూడగానే ఎత్తుకోవాలనిపించే చంటిపిల్లలా ఉంది ఆ కారు.

ఆ కారు మనకు మరీ పరాయిదేం కాదు. 1948లో అలెక్ ఇసిగోనిస్ రూపకల్పనలో వచ్చిన ఈ మైనరునే మన హిందుస్థాన్ మోటార్స్ వారు తొలిరోజుల్లో 'బేబీ హిందుస్థాన్' అని అమ్మారు. దీని అన్నగారు మోరిస్ ఆక్స్‌ఫర్డే మన దేశం వచ్చి అంబాసిడరయింది. బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొదటి కారు ఇదే. 1961లో ఆ పండక్కి గుర్తుగా కొన్ని కార్లకు లేత ఊదారంగు కూడా వేశారట. మా వాడు ఈ చరిత్రంతా పొద్దున్నే కాఫీతో పాటు నాకు అందించేవాడు.

నలభై ఏళ్ళు దాటిన కారుకు అక్కడ రోడ్డు పన్ను మాఫీ చేయించుకోవచ్చు. ఏటేటా చేయించే తనిఖీ కూడా 2018 మే నుంచి ఇలాంటి కార్లలో చాలావాటికి తప్పనిసరి కాదు. "చూశావా పిన్నీ, ముసలివాళ్ళకి ఎంత మర్యాదో!" అని మురిసిపోయాడు. ఆ మర్యాద ఇన్సూరెన్సు గడప దగ్గర ఆగిపోయింది. ఆ కాగితం లేకుండా బండి రోడ్డెక్కడానికి వీల్లేదు.

ఫోన్లు మొదలయ్యాయి. మామూలు కంపెనీవాళ్ళు కారు వయసు వినగానే నసిగారు. నసగనివాళ్ళు కుర్రాడి వయసు విని, కారు ఖరీదులో సగానికి పైగా ఏడాదికి కట్టమన్నారు. సరే, పాత కార్లకే ప్రత్యేకంగా పాలసీలిచ్చే కంపెనీలున్నాయి, చౌక కూడాను. పాత కారున్నవాడు దాన్ని అపురూపంగా చూసుకుంటాడనీ, తక్కువ తిప్పుతాడనీ వాళ్ళ నమ్మకం. కాని అందులో చాలామంది ఇరవై ఐదేళ్ళు నిండితే రమ్మన్నారు. మరీ దయగలవాళ్ళు ఇరవై ఒకటన్నారు. ఒకళ్ళకి బండి ముసలిది, ఇంకొకళ్ళకి నడిపేవాడు పసివాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

"ఆడపిల్లవై పుట్టినా తగ్గేదేమో కదరా" అంది అక్కయ్య. ఒకప్పుడు నిజమేనట. ఆడపిల్లలు నెమ్మదిగా నడుపుతారని తక్కువ తీసుకునేవారు. 2012 డిసెంబరు 21 నుంచి ఆ తేడా చూపించకూడదని నియమం వచ్చింది. మనకు దొరికిన ఒక్క రాయితీ కూడా సమానత్వం పద్దులో పోయింది, ఏం చేస్తాం!

నేను బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం. అయినా ఈ లెక్క మాత్రం నాకు వింతగా తోచింది. ఎందుకంటే రాజమండ్రిలో మా మామగారి ప్రీమియర్ పద్మిని ఉంది. దాని ఇంజను 1,089 సీసీ. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం మన దగ్గర ఇంజను సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో వచ్చిన ధరల ప్రకారం వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ వరకు 3,416 రూపాయలు, పన్ను అదనం. నడిపేది డెబ్భై ఏళ్ళ మా మామగారా, ఇరవై ఏళ్ళ మనవడా అని ఎవరూ అడగరు. లైసెన్సు ఉంటే చాలు. యాభై ఏళ్ళు నిండి, వింటేజి కారుగా రిజిస్టరయితే అందులో కూడా సగం తగ్గింపు. మన దగ్గర చిక్కల్లా కారు సొంత నష్టానికి రక్షణ కావాలన్నప్పుడే. అయిదేళ్ళు దాటిన బండి విలువ కంపెనీ, మనమూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. మా మామగారు ఆ బండిని వెల కట్టలేనిదంటారు. కంపెనీవాళ్ళూ ఆ మాటే అంటారు గాని, అర్థం వేరు!

మన దగ్గర బండి వయసు అడ్డం, అక్కడ కుర్రాడి వయసు అడ్డం. ఈ తేడా తెలియబట్టే ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర మా బావగారన్న మాట నాకు తప్పుగా తోచలేదు.

"ఎందుకురా ఇంత బాధ? పాలసీ నా పేరున తీసుకుందాం. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క యాక్సిడెంటు లేదు నాకు. నేనే ముఖ్యమైన డ్రైవరునని రాద్దాం. నువ్వు నడుపుకో" అన్నారాయన.

ఎంత సహజమైన మాట! మన ఇళ్ళల్లో ఇల్లు అమ్మ పేరున ఉంటుంది, స్కూటరు నాన్న పేరున ఉంటుంది, గ్యాసు కనెక్షను ఎప్పుడో పోయిన తాతగారి పేరున ఉంటుంది. పేరు ఎవరిదైతేనేం, ఇల్లు ఒకటే కదా అనుకుంటాం. మన పద్మినికి అది చెల్లుతుంది కూడాను.

పిల్లవాడు మాత్రం కంచంలోంచి తలెత్తి, "నాన్నా, దాన్ని ఫ్రంటింగ్ అంటారు. అది మోసం" అన్నాడు.

వాడు చెప్పాక తెలిసింది. రోజూ నడిపేది కొడుకై, కాగితం మీద తండ్రిని ముఖ్య డ్రైవరుగా చూపిస్తే ఆ పాలసీని రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంది. ప్రమాదంలో ఎదుటివాడికి చట్టప్రకారం చెల్లించాల్సి వచ్చినా, ఆ సొమ్ము తిరిగి వీళ్ళ దగ్గరే వసూలు చేయవచ్చు. ఇన్సూరెన్సు లేకుండా నడిపి పట్టుబడితే మూడు వందల పౌన్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. లైసెన్సు వచ్చి రెండేళ్ళు నిండని వాడికి ఆరు పాయింట్లు పడితే ఆ లైసెన్సే పోతుంది.

"అంతదూరం వస్తే కదా! నీకేమవుతుందని మేం చూస్తూ ఊరుకుంటాం?" అంది అక్కయ్య.

"నాకు కాదమ్మా. నేను గుద్దినవాళ్ళకి ఏమవుతుంది?" అన్నాడు వాడు.

అక్కయ్య నా వైపు చూసింది. ఇద్దరికీ ఒక్కసారే మా మేనమామ గుర్తొచ్చాడు. 1993లో సైకిలు మీద కొట్టుకు వెళుతూంటే వెనకనుంచి జీపు గుద్దేసింది. దానికి ఇన్సూరెన్సు లేదు. కోర్టు మామయ్యకు ఇంత ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇవ్వడానికి ఆ జీపతని దగ్గర ఏముంది గనక? అత్తయ్య మెడలో గొలుసు ఆ ఏడే పోయింది. కొట్టు మరుసటేడు పోయింది. మామయ్య ఈ రోజుకీ చేతికర్ర లేకుండా గడప దాటలేడు. ఆ కాగితం మన కారు కోసం కాదు, మన కోసమూ కాదు, మనకు ముక్కూ మొహం తెలియని ఒక సైకిలు మనిషి కోసమని మా ఇంట్లో తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆ రాత్రి అక్కయ్య మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

మర్నాటి నుంచి పిల్లవాడు కొత్త పద్ధతిలో వెతికాడు. ఏడాదికి మూడు వేల మైళ్ళు దాటననే షరతుకు ఒప్పుకున్నాడు. కారును నాలుగు వైపులా ఫోటోలు తీసి, పోతే ఎంత ఇవ్వాలో ముందే విలువ ఖాయం చేయించుకున్నాడు. నష్టంలో మొదటి భాగం ఎక్కువగా తానే భరిస్తానన్నాడు. మోరిస్ మైనర్ యజమానుల క్లబ్బులో చేరాడు, సభ్యులకు కొందరు తగ్గింపు ఇస్తారు. కారులో ఏ చిన్న మార్పు ఉన్నా దాచకుండా రాశాడు. రోజువారీ వాడకానికి వేరే కారుండాలని ఒక కంపెనీ పట్టుబడితే, ఇంకొకళ్ళు వాడి బస్సు పాసుతో సరిపెట్టుకున్నారు.

తండ్రి పేరు కూడా కాగితం ఎక్కింది, కాని రెండో డ్రైవరుగా. అనుభవమున్న పెద్దవాళ్ళు నిజంగా అప్పుడప్పుడు నడిపితే ఆ పేరు చేర్చడం తప్పు కాదు, కొంత తగ్గుతుంది కూడాను. ఇక రాత్రిళ్ళు కారు గరాజులో ఉండాలన్నారు. ఆ గరాజులో బావగారి కొత్త కారూ, ఇరవై ఏళ్ళ సూట్‌కేసులూ, బియ్యం బస్తాలూ ఉండేవి. ఆయన ఒక్క మాట అనకుండా ఒక ఆదివారమంతా అవన్నీ సర్ది, తన కారును బయట వానలో పెట్టుకున్నారు. అబద్ధమాడి చేద్దామనుకున్న సాయం కన్నా నాకు అదే పెద్దదిగా కనిపించింది.

చివరకు మొదట చెప్పినదానిలో సగానికన్నా తక్కువకే కుదిరింది. చౌక అనలేం గాని, వాడి సంపాదనకు అందేంత. ఏడాది ప్రమాదం లేకుండా గడిస్తే మరుసటేడు రాయితీ వస్తుంది. కొన్ని పాత కార్ల పాలసీల్లో అది ఉండదట. వాడు ఉన్నదే వెతికి పట్టుకున్నాడు. తండ్రి పేరున తీసుకుని ఉంటే ఆ మంచిపేరు తండ్రి ఖాతాకే చేరేది. వాడికి పాతికేళ్ళు వచ్చినా చేతిలో సున్నాయే మిగిలేది.

పిల్లలకు మనం మన పేరు అరువిస్తాం, ప్రేమకొద్దీ. వాళ్ళకు కావలసింది తమ పేరును తామే మొదలుపెట్టుకునే వీలు. అది మొదట్లో కాస్త ఖరీదే. మనం చేయగలిగిందల్లా గరాజు ఖాళీ చేసి ఇవ్వడం.

అన్నట్టు, మీ ఇంట్లో స్కూటరో, కారో ఉండే ఉంటుంది. ఈ పేజీ తిప్పేముందు దాని ఇన్సూరెన్సు కాగితం ఒకసారి తీసి చూడండి. తేదీ దాటిపోలేదు కదా?