ఉప్పు ఎవరిది?

మన పత్రికలో పెళ్లి కబుర్లూ, పండుగ వంటలూ, పిల్లల పరీక్షా ఫలితాలూ చదవడానికి అలవాటుపడిన వారికి యీ నెల మేము ఎత్తుకున్న విషయం కొంచెం ఘాటుగా తోచవచ్చు. డబ్బుకూ అధికారానికీ వున్న చుట్టరికం గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఇది రాజకీయ పత్రికలు రాసుకోవలసిన సంగతి గదా, సంసారుల పత్రికలో ఎందుకని అడిగేవారుంటారు. ఆ చుట్టరికానికి అయ్యే ఖర్చు చివరకు సంసారుల మీదనే పడుతున్నది గనుక అని మా జవాబు. ధర్మపురిలో కాపురముండే మాకు యీ సంగతి బాగా తెలుసు.

డబ్బుకు లోకం దాసోహమన్నారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అనీ అన్నారు. యీ రెండు సామెతలూ వేరువేరు ఇళ్లలో వున్నంతకాలం లోకం ఏదో విధంగా నడిచిపోతుంది. డబ్బున్నవాడు వ్యాపారం చేసుకుంటాడు, అధికారమున్నవాడు పాలిస్తాడు, ఒకరిని చూసి ఒకరు కొంత జంకుతారు. రెండూ ఒకే చేతిలోకి వచ్చినప్పుడే చిక్కు.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1792లో టిప్పు సుల్తాను వదులుకున్న బారామహలు సీమ ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. ధర్మపురి, కృష్ణగిరి అందులోనివే. అప్పటి గవర్నరు జనరలు కారన్‌వాలిస్ యీ సీమను మద్రాసులోని కంపెనీ సివిలు ఉద్యోగులకు అప్పగించలేదు. వారికి దేశభాషలు రావు, దుబాసీలు ఎట్లా ఆడిస్తే అట్లా ఆడతారు. అందుచేత అలెగ్జాండర్ రీడు అనే సైనికోద్యోగిని పంపినాడు. ఆయన కింద పనిచేసిన వారిలో ఒకరు థామస్ మన్రో. తరవాత రాయలసీమ రైతులు తరతరాలు తలచుకున్న మన్రో దొర ఆయనే. ఆయన ఏడేళ్లపాటు యీ సీమలో పనిచేసి, ధర్మపురిలోనే నివాసముండి, ఇక్కడ ఒక తోట వేసుకున్నాడు.

మద్రాసు ఉద్యోగుల మీద ఆ అపనమ్మకానికి వెనుక ఒక కథ వున్నది. కంపెనీ కొలువులోని కొందరు దొరలు ఆర్కాటు నవాబుకు సొంతంగా పెద్ద వడ్డీలకు అప్పులిచ్చినారు. నవాబు ఆ అప్పులకు గ్రామాల శిస్తును తాకట్టు పెట్టినాడు. వడ్డీ కట్టినది నవాబు పేరు మీద, చెమటోడ్చినది రైతు. ఆ అప్పులిచ్చిన వారిలో పాల్ బెన్‌ఫీల్డు అనేవాడు ఇక్కడ గడించిన డబ్బుతో లండను పార్లమెంటులో తన మనుషులను కూర్చోబెట్టినాడని 1785లో ఎడ్మండ్ బర్కు ఆ సభలోనే దుయ్యబట్టినాడు. ఇక్కడి పొలం శిస్తు అక్కడ సభ్యత్వంగా మారింది; ఆ సభ్యత్వమే తిరిగి ఇక్కడి అప్పుకు కాపలా కాసింది. డబ్బు నుంచి అధికారం, అధికారం నుంచి డబ్బు. గానుగెద్దు తిరిగినట్లు తిరగడం.

అయితే డబ్బున్నవాళ్లందరూ చెడ్డవాళ్లు, లేనివాళ్లందరూ పుణ్యాత్ములు అని మేము అనడం లేదు. డబ్బుకు ఎప్పుడూ గెలుపే అని కూడా అనము. 1937లో మద్రాసు రాష్ట్రంలో ఎన్నికలు జరిగినప్పుడు ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు చూసి ఇచ్చేవారు. అంటే ఓటర్లు చాలామంది కలిగినవాళ్లే. అప్పటిదాకా ప్రధానమంత్రిగా వున్న బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలోనే నిలబడి, వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయినారు. సంస్థానం ఒకవైపు, కార్మిక నాయకుడు ఒకవైపు. ఆ గిరిగారు తరవాత 1969లో రాష్ట్రపతి అయినారు.

ఆ ఎన్నికల మీదట మంత్రివర్గం ఏర్పాటు చేసిన రాజాజీ మాకు పొరుగువారు. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టినారు. ఆయన మంత్రివర్గంలో గిరిగారూ, టంగుటూరి ప్రకాశం పంతులుగారూ వున్నారు. కాంగ్రెసు నియమం ప్రకారం ఆనాటి మంత్రుల జీతం నెలకు 500 రూపాయలు. ప్రకాశంగారి సంగతి మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలియాలి. మద్రాసులో బారిస్టరుగా రాసులు గడించి, 1921లో ఆ వృత్తి మానుకుని, వున్నదంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ధారపోసినారు. మద్రాసుకు ప్రధానమంత్రి, ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయి కూడా 1957లో పోయేనాటికి పేదవారే. తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా వున్న కామరాజుగారు 1975లో కన్నుమూసేనాటికి ఆయనకు సొంత ఇల్లంటూ లేదు. ఒకరు కలిమిలోనుంచి వచ్చినారు, మరొకరు లేమిలోనుంచి. అధికారం మాత్రం ఇద్దరి పెట్టెలోనూ ఏమీ వేయలేదు.

ఇక మా ఊరిని కలచివేసిన సంగతికి వస్తాము. ఏ పార్టీనీ దెప్పిపొడవడం మా ఉద్దేశం కాదు. జరిగినది జరిగినట్లు చెబుతాము.

జయలలితగారు 1991 నుంచి 1996 దాకా ముఖ్యమంత్రిగా వున్నప్పుడు జీతం నెలకు ఒక్క రూపాయి మాత్రమే పుచ్చుకున్నారు. ఆ అయిదేళ్లలోనే ఆస్తి 66 కోట్ల రూపాయలు దాటిందని తరవాత కేసు నడిచింది. 2014లో బెంగుళూరు ప్రత్యేక న్యాయస్థానం నాలుగేళ్ల జైలు, 100 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2015లో కర్ణాటక హైకోర్టు నిర్దోషి అన్నది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తక్కిన ముగ్గురు ముద్దాయిల శిక్షను తిరిగి నిలబెట్టింది. అప్పటికి ఆమె చనిపోయి రెండు నెలలు దాటినందున ఆమె మీది కేసు రద్దయిపోయింది. 500 రూపాయల జీతం నుంచి ఒక్క రూపాయి జీతానికి వచ్చినామంటే నిజాయితీ పెరిగిందనుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

దీనికి ముందు మరొక కేసు వుండినది. కొడైకెనాలులో ఒక హోటలుకు నిబంధనలను మీరి అదనపు అంతస్తులకు అనుమతి ఇచ్చినారనే అభియోగం మీద 2000 ఫిబ్రవరి 2న మద్రాసు ప్రత్యేక న్యాయస్థానం ఆమెకు ఏడాది శిక్ష వేసింది. (2001 డిసెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది.) తీర్పు వచ్చిన ఆ రోజే రాష్ట్రమంతటా రోడ్ల మీద అల్లర్లు చెలరేగినవి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విద్యార్థినులు విజ్ఞానయాత్ర ముగించుకుని తిరిగివెడుతూ వున్న బస్సును మా ధర్మపురి పక్కన ఇలక్కియంపట్టి దగ్గర ఆపి తగులబెట్టినారు. ముగ్గురు ఆడపిల్లలు కాలిపోయినారు. వారికి ఆ హోటలు ఎక్కడున్నదో కూడా తెలిసివుండదు.

నిప్పు పెట్టిన ముగ్గురికి 2007లో సేలం న్యాయస్థానం మరణశిక్ష వేసింది. 2010లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచి, 2016లో యావజ్జీవంగా తగ్గించింది. 2018లో వారు విడుదలయినారు. ఆనాటి మాట ఎత్తితే మా ఇళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ చేతిలో పని ఆపి ఒక్క క్షణం వూరకుంటారు. దూరాన చదువుకునే ఆడపిల్లలు మా ఇళ్లలోనూ వున్నారు.

మేము ఎన్నోసార్లు ఆలోచించినాము: ఆ మనుషులకు దానివల్ల ఏమి వచ్చింది? హోటలు వారిది కాదు, కోట్లు వారివి కావు. మరి అంత ఆవేశం ఎక్కడిది? మాకు తోచిన సమాధానం ఒక్కటే. ఉప్పు తిన్న విశ్వాసం. తమకు ఏది అందినా అది నాయకుని చేతిమీదుగా వచ్చిన దానమని వారు నమ్మినారు. కన్నతల్లిని ఎవరో అంటే కొడుకు సహించనట్లు, నాయకుని ఆస్తి లెక్క అడగడమే అపచారమనుకున్నారు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్న మాట మంచిదే. అయితే ఉప్పు ఎవరిది? సర్కారు ఇచ్చే బియ్యమూ, బడి పిల్లల మధ్యాహ్న భోజనమూ, ఆసుపత్రి మందూ ఏ నాయకుని పెరటిలోనూ పండలేదు. మనం అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా కట్టిన పన్నులోనుంచే వచ్చినవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, మన సొమ్మును మనకిచ్చి, పైన తన బొమ్మ అంటించి, మన విశ్వాసాన్ని జమ కట్టుకుంటున్నారు.

మా ధర్మపురికి పూర్వం తగడూరని పేరు. ఇక్కడ ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి కథ తమిళ సోదరుల పిల్లలతోపాటు మా పిల్లలూ బడిలో చదువుకుంటారు. ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినక అవ్వైయారుకు ఇచ్చినాడట. ఆ దానం నిజమైన దానం. తన వంతును తాను మానుకుని ఇచ్చినాడు. ప్రజల వంతును ప్రజలకిచ్చి దాతననిపించుకోవడం వేరు. యీ తేడా పిల్లలకు ఆ కథతోపాటే చెప్పాలి.

ఇప్పుడు ఎన్నికలనాటి కవరు సంగతి. మాలో చాలామంది అంగళ్లు పెట్టుకుని బతికేవాళ్లం గనుక చిట్టా రాసినట్లే లెక్క వేసి చూద్దాము. ఒక శాసనసభా నియోజకవర్గంలో రెండున్నర లక్షల ఓటర్లున్నారనుకుందాం. అందులో సగం మందికి తలా 500 రూపాయలు పంచితే 6 కోట్ల 25 లక్షలు. 2022 జనవరిలో పెద్ద రాష్ట్రాల శాసనసభ అభ్యర్థికి నిర్ణయించిన ఖర్చు పరిమితి 40 లక్షలు. తమిళనాడు శాసనసభ్యుని జీతభత్యాలు 2017లో నెలకు 1,05,000 రూపాయలు చేసినారు. అయిదేళ్లకు 63 లక్షలు. 63 లక్షలు రాబడి వచ్చే కొట్టుకు 6 కోట్ల 25 లక్షలు పెట్టుబడి పెట్టే వర్తకుడు వుంటాడా? వుంటే తక్కినది ఎక్కడినుంచి రాబట్టుకుంటాడు? రోడ్డు కంట్రాక్టులోనుంచి, ఇసుకలోనుంచి, ఉద్యోగాల బదిలీలలోనుంచి రాబట్టుకోవాలి. అంటే మళ్లీ మన దగ్గరినుంచే.

ఇది వట్టి ఊహ కాదు. 2016లో అరవకురిచ్చి, తంజావూరు స్థానాలలోనూ, 2017లో మద్రాసు ఆర్.కె. నగరులోనూ డబ్బు పంపకం కారణంగా పోలింగు ఆపివేసినారు. 2019 ఏప్రిల్‌లో మాకు ఎంతో దూరం లేని వేలూరు లోక్‌సభ స్థానంలో కోట్ల నగదు పట్టుబడి ఎన్నిక రద్దయి, ఆగస్టులో మళ్లీ జరిగింది.

మా వీధికీ ఒకసారి కవర్లు వచ్చినవి. ఎవరు పంచినారన్నది ఇక్కడ అనవసరం. మా ఇంట్లో దాని మీద పెద్ద చర్చే జరిగింది.

“పుచ్చుకుని మనకిష్టమైనవారికి వేస్తే సరిపోదా అత్తయ్యా? వాళ్ల సొమ్మేమీ కాదు గదా” అన్నది కోడలు.

“వాళ్లది కాదనే నేనూ అంటున్నానమ్మా. కానీ పుచ్చుకున్నాక రేపు కాలువ పూడిక తీయించమని అడగడానికి నోరెట్లా వస్తుంది? నీ బాకీ ఆ రోజే తీరిపోయిందంటాడు” అన్నది అత్తగారు.

కవరు తెచ్చిన కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కవరు అతని చేతికే ఇచ్చి పంపినాము. అతను చాలాసేపు అయోమయంగా చూసి వెళ్లినాడు. ఆ సంవత్సరం వానలకు కాలువ పొంగినప్పుడు మా వీధి ఆడవాళ్లు పదిమంది కలిసి పురపాలక కార్యాలయానికి వెళ్లి నిలబడి అడిగినారు. పూడిక తీయడానికి మూడు వారాలు పట్టింది గాని, అడిగినంతసేపూ ఎవరి తలా వంగలేదు.

చట్టమూ వున్నది. ఓటుకు డబ్బిచ్చినవారికే గాక పుచ్చుకున్నవారికి కూడా ఏడాది దాకా శిక్ష వుండవచ్చు. అభ్యర్థి తన ఆస్తి, అప్పు, తన మీది కేసులు ప్రమాణపత్రంలో చెప్పాలన్నది 2002, 2003 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పులవల్ల స్థిరపడింది. 2018లో ఆదాయం ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలన్నారు. 2024 ఫిబ్రవరి 15న ఎవరిచ్చారో తెలియకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను కొట్టివేసినారు. అయితే అభ్యర్థి ఖర్చుకు పరిమితి వున్నదే గాని పార్టీ ఖర్చుకు లేదు. గంగాళానికి మూతపెట్టి అడుగున చిల్లు వదిలినట్లున్నది. ఆ చిల్లు పూడ్చడం మన ఒక్కరివల్ల కాదు. ప్రమాణపత్రం చదవడం మనవల్ల అవుతుంది.

పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఆస్తి, అప్పు, నడవడి మూడు తరాలదాకా విచారిస్తాము. అయిదేళ్లు మన రోడ్డునూ, బడినీ, నీళ్లనూ అప్పగించే మనిషి విషయంలో ఒక్క సాయంత్రం కూర్చుని విచారించలేమా? వచ్చే ఎన్నికలప్పుడు ప్రతి ఇంట్లో చదువుకున్న పిల్లలచేత అభ్యర్థుల ప్రమాణపత్రాలు చదివించండి. అయిదేళ్ల కిందటి లెక్కకూ ఇప్పటి లెక్కకూ తేడా ఎంతో కాగితం మీద వేయించండి. పెద్దవాళ్లు వినండి. ఓటు ఎవరికి వేయాలో మేము చెప్పము. అది ఎవరి మనస్సాక్షికి వారిదే. లెక్క అడిగే హక్కును మాత్రం ఏ కవరుకూ అమ్ముకోవద్దని మా మనవి.