ఆపా మింగిన కెమెరా

హలీంలో గోధుమలు, షీర్ ఖుర్మాలో సేమియా. ఇక నాన్, రోటీ, సమోసా సరేసరి. మా దస్తర్‌ఖాన్ మీద గోధుమ తగలని చోటు తక్కువ. అలాంటి ఇంట్లో ఆపాకు సీలియాక్ అని తేలింది. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ ఒంట్లోకి పోతే, చిన్నపేగు లోపల మఖ్మల్‌లా ఉండే నూగును ఒళ్లే దెబ్బతీసుకుంటుంది. ఆ నూగు పోతే తిన్నది ఒంటికి పట్టదు. దీనికి దవా లేదు. జిందగీ అంతా పర్హేజే.

రెండేళ్లు అన్నం, జొన్నరొట్టె మీదే ఉంది. అయినా బరువు పెరగలేదు, రక్తం పెరగలేదు. "ఛుపాకే రోటీ ఖారీ క్యాగే?" అని ఖాలా అందరి ముందు అడిగేసింది. చాటుగా తింటున్నావా అని! ఆపా లేచి లోపలికి వెళ్లిపోయింది.

డాక్టర్ సాబ్ ఫికర్ వేరే. ఈ జబ్బు మానకపోతే పేగులో పుండ్లు పడొచ్చు, అరుదుగా కేన్సర్ కూడా రావొచ్చు. మామూలు ఎండోస్కోపీ గొట్టం చిన్నపేగు మొదటి భాగం వరకే పోతుంది. పేగేమో ఇంచుమించు 6 మీటర్లు. అందుకే కాప్సూల్ ఎండోస్కోపీ అన్నారు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన తరీఖా ఇది. రెండున్నర సెంటీమీటర్ల గోళీలో కెమెరా, లైటు, బ్యాటరీ. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే ఇరుక్కునే ఖత్రా ఉందని ముందే చెప్పారు.

రాత్రి నుంచి ఖాళీ కడుపు. "రోజాలున్నదాన్ని, ఇదో లెక్కా" అంటూ ఆపా బిస్మిల్లా చెప్పి మింగింది. నడుముకు రికార్డర్ పట్టీ. సెకనుకు రెండు ఫొటోల చొప్పున 8 గంటల్లో 50 వేలకు పైనే.

పేగు పైభాగంలో మడతల అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. మధ్యలో ఎండిన చెరువులా నెర్రెలు. కిందికి పోయేకొద్దీ నూగు సాఫ్‌గా కనిపించింది. పుండ్లు లేవు, గడ్డలు లేవు. అమ్మీ షుక్రానా నమాజ్ చదివింది.

కెమెరా గాయాన్ని చూపింది గానీ కారణం చెప్పదు. ముక్క కూడా తీయలేదు. కారణం డైటీషియన్ మేడం అడిగి తెప్పించిన డబ్బాల్లో దొరికింది. పప్పులో, అచార్‌లో రోజూ పడే పొడి ఇంగువ. డబ్బా మీద చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది.

ఇప్పుడు దుకాణంలో అద్దాలు పెట్టుకుని ప్రతి ప్యాకెట్ చదివేది ఖాలానే. ఆపాను మాత్రం ఏమీ అడగదు.