కరెంటు లెక్క సరిపోయింది, పొర నిలవలేదు

అల్యూమినియానికి నల్లరంగు పట్టించమని మా బాలానగర్ షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది యానోడైజింగ్‌ను ఒక పూత అనుకుంటారు. ఏళ్లుగా ఆ పని చేస్తున్న నేనూ లోలోపల అలాగే అనుకుంటున్నానని ఒక మే నెలలో జాబ్‌లు పాడుచేసుకున్నాక గానీ తెలిసిరాలేదు.

గాలి తగిలిన అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర దానంతటదే వస్తుంది. అయితే అది కొన్ని నానోమీటర్లే. దాన్ని 15, 20 మైక్రాన్లకు పెంచడమే మా పని. సల్ఫ్యూరిక్ యాసిడ్ బాత్‌లో జాబ్‌ను పాజిటివ్‌కి కలిపి కరెంటు పంపితే లోహం పైభాగమే ఆక్సైడ్‌గా మారుతూ లోపలికి దిగుతుంది. అదే యాసిడ్ ఆ ఆక్సైడ్‌ను తినేస్తూ కూడా ఉంటుంది. అలా తినబట్టే పొరలో కంటికి కనబడని రంధ్రాలు నిలుస్తాయి. కరెంటు అడుగుదాకా చేరేదీ, తర్వాత రంగు దిగేదీ వాటిలోంచే. అంటే పెరిగినదాంట్లోంచి కరిగింది పోగా మిగిలిందే మన పొర. బాత్ 20 డిగ్రీల దగ్గర ఉంటే పెరుగుదలదే పైచేయి. పాతిక దాటుతున్నకొద్దీ యాసిడ్‌ది పైచేయి అవుతుంది.

ఆ మే నెలలో నేను చదరపు డెసిమీటరుకు ఒకటిన్నర ఆంపియర్ల చొప్పున లెక్కగట్టి, ముప్పావు గంట పెట్టి, నిశ్చింతగా ఉన్నాను. అర్జంటు ఆర్డరు కావడంతో ర్యాక్‌కు జాబ్‌లు కిక్కిరిసేలా తగిలించాను. యాసిడ్ ఆవిరికి కుర్రాళ్లు దగ్గుతున్నారని బాత్‌లోకి గాలి ఊదే బ్లోయర్ తగ్గించాను. థర్మామీటరు మాత్రం 21 చూపిస్తూనే ఉంది, ఎందుకంటే అది వేలాడుతున్నది చిల్లర్ పైపు పక్కన. వేడి పుట్టేది జాబ్ ఒంటిమీద, ఆ పొరలోనే. గాలి కదలిక చాలక ర్యాక్ నడిమధ్యన ఆ వేడి పోయే దారి లేకపోయింది.

బాధాకరమైన విషయం ఏమిటంటే, ఆ జాబ్‌లకు రంగు అద్భుతంగా పట్టింది. యాసిడ్ తినేసి రంధ్రాలు వెడల్పయిన మెత్తటి పొర రంగును ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ నలుపు చూసి సంతోషించి, మరిగే నీటిలో ముంచి రంధ్రాలు మూసే సీలింగ్ చేసేశాను. ఆరాక బొటనవేలితో రుద్దితే కాటుకలా అంటుకుంది.

అక్కడ రెండో తప్పు చేశాను. కాస్టిక్‌లో ముంచి పొర తీసేసి మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. పొరకు వెచ్చించిన లోహం ఎలాగూ పోయింది. 20 మైక్రాన్ల పొరలో సుమారు మూడింట రెండొంతులు అసలు ఉపరితలం కంటే లోపలే ఉంటుంది. ఆక్సైడ్ కరిగాక కాస్టిక్ అక్కడితో ఆగదు, కింది లోహాన్నీ తింటుంది. క్రోమిక్, ఫాస్ఫారిక్ యాసిడ్ల మిశ్రమం వాడి ఉంటే లోహాన్ని వదిలేసేది. తొందరలో ఆ ఆలోచనే రాలేదు. రెండోసారి పొర గట్టిగా వచ్చింది గానీ జాబ్‌ల మర రంధ్రాల్లో, దిగకూడని నో-గో గేజ్ హాయిగా దిగిపోయింది. ఆ రంధ్రాలకు బోల్టు బిగవదు. అన్నీ తుక్కులోకి పోయాయి, మెటీరియల్ డబ్బు నేనే కట్టాను.

ఇప్పుడు థర్మామీటరు ర్యాక్ మధ్య జాబ్‌ల సందులోకి దిగుతుంది. ఆవిరి పోవడానికి బాత్ అంచుల వెంట ఎగ్జాస్ట్ పెట్టించాను, బ్లోయర్ ఆపను. ప్రతి లోడులో నడిమి జాబ్‌ను రంగుకు ముందే తీసి, కడిగి ఆరబెట్టి, మందం కొలిచి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూస్తాను. గుడ్డకు పొడి అంటితే ఆ లోడు రంగు తొట్టిదాకా వెళ్లదు.