మెట్లెక్కితే ఆయాసమా? డాక్టరు దగ్గర దాచకండి!

పచ్చళ్ళు, పొదుపు కబుర్లు చదువుకునే మీతో ఈసారి కాస్త వేరే సంగతి చెప్పాలని కూర్చున్నాను. ఊపిరితిత్తుల ఆపరేషన్ అనగానే మనం ఆపరేషన్ రోజును తలుచుకుని భయపడతాం. కానీ అంతకుముందు చేసే పరీక్షలే సగం ప్రాణం కాపాడతాయని, అందులో ఇంటి ఇల్లాలి మాటకూ విలువుందని మా ఇంట్లో జరిగాకే నాకు తెలిసింది.

మాది తాడిపత్రి. మావారు ఇరవై ఏళ్ళు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేశారు. ఆ దుమ్ముకు తోడు బీడీలు. 2009లో క్షయ వస్తే ఆరు నెలలు మందులు వాడి నయం చేసుకున్నాం. అయితే కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక గుంత మిగిలిపోయింది. 2022 చలికాలంలో ఒకరోజు దగ్గితే రక్తం పడింది. స్కానింగ్ తీస్తే ఆ పాత గుంతలో బూజు ఉండకట్టిందన్నారు. మందులతో రక్తం ఆగింది గానీ, మళ్ళీ ఎక్కువగా పడితే ప్రాణం మీదికి వస్తుంది, ఆ భాగం తీసేయాల్సి ఉంటుందని బెంగుళూరులో ఒక ఆసుపత్రికి రాసిచ్చారు.

రాత్రి బస్సులో పోతూ ఆయన నాకు పాఠం చెప్పారు. "బీడీ మానేసి ఏడాదైందని చెప్పు. ఆయాసం మాట ఎత్తొద్దు. ఎత్తితే ఆపరేషన్ చేసేది లేదంటారు." నాకూ అదే భయం. తల ఊపాను.

అక్కడ డాక్టరమ్మ మంచి తెలుగు మనిషి. "మెట్లు ఎన్ని ఎక్కగలరు?" అని అడిగింది. "మా మిద్దె మెట్లు ఒక్క దమ్మున ఎక్కుతానమ్మా" అన్నారు ఈయన. నా గుండె ఝల్లుమంది. ఉన్న పద్దెనిమిది మెట్లకే మధ్యలో కూర్చునే మనిషి! ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చున్నాను. తర్వాత ఉండబట్టలేక, "లేదమ్మా, మధ్యలో ఆగుతారు. బీడీ కూడా మొన్నటిదాకా తాగారు. తెల్లారి గళ్ళ బాగా పడుతుంది" అని చెప్పేశాను. బయటికొచ్చాక, "ఏమే, నా పరువు తీస్తివి కదే!" అని రెండు రోజులు మాట్లాడలేదు.

కానీ డాక్టరమ్మ కోప్పడలేదు. నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పింది. "ఇది పాసో ఫెయిలో తేల్చే పరీక్ష కాదమ్మా. రెండు ఊపిరితిత్తులూ కలిపి పంతొమ్మిది భాగాలని లెక్క వేసుకుంటాం. ఇంట్లో పంతొమ్మిది బిందెల నీళ్ళున్నాయనుకో. పైభాగం తీస్తే మూడు బిందెలు పోతాయి. మిగిలిన పదహారుతో ఇల్లు గడుస్తుందా, వాటిలో చిల్లులున్నవి ఎన్ని, అదే మేం చూసేది." కరువు సీమలో పుట్టిన నాకు బిందెల లెక్క ఇంకొకరు చెప్పాలా!

గొట్టంలోకి బలంగా ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తుందో కొలిచారు. ఆ వయసుకు, ఆ ఎత్తుకు నూరు రావాల్సిన చోట ఈయనకు 62 వచ్చింది. దాన్ని 16తో గుణించి 19తో భాగిస్తే 52. తీసేసే భాగం ముందే పాడైంది కాబట్టి నిజంగా పోయేది ఇంకా తక్కువే ఉండొచ్చన్నారు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా దిగుతుందో చూసే పరీక్ష ఇంకొకటి చేశారు. ఈ రెండు లెక్కలూ 60 దాటితే ప్రమాదం తక్కువట. 30కీ 60కీ మధ్య ఉంటే నడిపించి గానీ, మెట్లెక్కించి గానీ చూస్తారట. 22 మీటర్ల ఎత్తు, అంటే సుమారు ఏడంతస్తులు ఎక్కగలిగితే మంచిదని లెక్క. ఈయన మూడో అంతస్తులోనే చతికిలబడ్డారు. అప్పుడు ముఖానికి మాస్కు పెట్టి సైకిలు తొక్కించి, గుండె, ఊపిరి కలిసి ఎంత పని చేయగలవో కొలిచారు. చివరికి ప్రమాదం మధ్యరకం అన్నారు. చేయొచ్చు, కానీ సిద్ధం చేసి చేయాలి.

రక్తం ఆగింది కాబట్టి ఆరు వారాలు గడువిచ్చారు. మళ్ళీ పడితే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి రమ్మన్నారు. బీడీ పూర్తిగా బంద్. కనీసం నాలుగు వారాలైనా మానకపోతే ఆపరేషన్ తర్వాత గళ్ళ పేరుకుని న్యుమోనియా రావడానికి, మిషన్ మీద ఊపిరి పీల్చుకోవాల్సి రావడానికి అవకాశం ఎక్కువట. రోజూ నడక. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. దాన్ని ఊదకూడదు, నిదానంగా పీల్చి బంతులు పైకి లేపాలి. మావారు మొదటిరోజు బుడగలా ఊది, లేవట్లేదని డబ్బాను తిట్టారు! మనిషి బక్కగా ఉన్నారని పప్పు, గుడ్లు, బుడ్డలు (అదే, వేరుశనక్కాయలు) బాగా పెట్టమన్నారు. ఆ పని నాకు వచ్చిందే కదా!

2023లో ఆపరేషన్ అయింది. రెండో రోజు జ్వరం, గళ్ళ వచ్చి భయపెట్టాయి. కుట్లు నొప్పెట్టకుండా ఛాతీకి దిండు అదిమిపెట్టుకుని దగ్గించారు. పదో రోజు ఇంటికొచ్చాం. ప్రమాదం సున్నా అని డాక్టరమ్మ ఏనాడూ అనలేదు, ముందే తెలిస్తే ముందే కాచుకోవచ్చు అంది, అంతే.

అందుకే చెబుతున్నాను, అక్కల్లారా. మీ ఇంట్లో ఇలాంటి ఆపరేషన్ మాట వస్తే, మనిషి ఎన్ని మెట్లకు ఆగుతారు, రాత్రి ఎన్ని దిండ్ల మీద పడుకుంటారు, గళ్ళ ఏ రంగులో పడుతుంది, గురక పెడతారా, బీడీ సిగరెట్లు ఎప్పుడు మానేశారు, ఏ మందులు మింగుతున్నారు, ఇవన్నీ ఒక చీటీ మీద రాసుకుని పోండి. రోజంతా పక్కనుండి చూసేది మనమే. మగవాళ్ళు పరువనుకుని దాచినా మనం దాచకూడదు.

నిన్న మిద్దె మీద వడియాలు పెడుతుంటే మావారు నీళ్ళ చెంబుతో పైకొచ్చారు. మధ్యలో ఒకసారి ఆగారు. "ఆగినానని రాసిపెట్టుకో, మళ్ళీ డాక్టరమ్మకు చెప్తావు కదా" అన్నారు నవ్వుతూ. చెప్తాను మరి!