దిగులు మనసుతో మీటింగుకు: ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా

మనసు కుంగి ఉన్నవాళ్లు రాజకీయ సభలకు వెళ్లడం కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో కొత్త సంగతి కాదు. వేదిక మీద ఉన్నవాళ్లకు కింద కనిపించేది జెండాలు, కండువాలు, ఈలలు. ఆ జనంలో పత్తి దెబ్బతిన్న రైతు ఉంటాడు, మగ్గం ఆగిపోయిన నేతగాడు ఉంటాడు, పిల్లలను ముసలివాళ్లకు అప్పజెప్పి సుగ్గికి, అంటే వలస పనికి, పోవాల్సిన ఆలుమగలు ఉంటారు. ఏ కష్టమూ పైకి కనిపించకపోయినా నెలల తరబడి దేని మీదా మనసు పోనివాళ్లూ ఉంటారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 5 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురైనవాళ్లే. ఆ లెక్కన వెయ్యి మంది కూర్చున్న చోట యాభై మంది దాన్ని చూసినవాళ్లు ఉంటారు. ఏ పార్టీ జనసమీకరణ లెక్కలోనూ ఈ యాభై మంది ఉండరు.

గుంతకల్లు–రాయచూరు రైలు మార్గంలో ఆదోని పెద్ద ఊరు. కొండ మీద కోట, ఊళ్లో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన పదిహేడో శతాబ్దపు జామియా మసీదు, పేరు మోసిన పత్తి మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. దసరా దాటితే యార్డుకు పత్తి రాక పెరుగుతుంది, ఊరి మనసు ఆ రోజు పలికిన ధరను బట్టి ఉంటుంది. మీటింగు ఉన్న రోజు పొద్దున ఉగ్గాని బజ్జీ బండ్ల దగ్గర జనం మామూలుకన్నా ఎక్కువ. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పసుపు, పుట్నాల పొడితో తాలింపు, పక్కన వేడి మిరపకాయ బజ్జీ. ఆకలి చచ్చిన మనిషి కూడా పక్కవాడు తింటుంటే నాలుగు ముద్దలు తింటాడు. సభకు బయల్దేరడం వల్ల కలిగే మొదటి మేలు ఇదే, దీనికి నాయకుడితో పనిలేదు.

ఇటీవలి సంవత్సరాల్లో ఆదోని, ఎమ్మిగనూరు చూసినన్ని యాత్రలు, సభలు చాలా ఊళ్లు చూడలేదు. 2022 జులై 5న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్ మోహన్ రెడ్డి ఆదోనిలో జగనన్న విద్యా కానుక కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర ఆలూరు వైపు నుంచి వచ్చి ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగా రాయచూరు వైపు సాగింది. నవంబరులో చంద్రబాబు నాయుడు రోడ్‌షోలు జరిగాయి. 2023 ఏప్రిల్‌లో నారా లోకేశ్ యువగళం పాదయాత్ర ఆదోనిలోనే వెయ్యి కిలోమీటర్ల మైలురాయి దాటింది. పార్టీలు వేరైనా ప్రసంగాల్లోకి వచ్చే సంగతులు మాత్రం అవే: తాగునీరు, వలసలు, పత్తి ధర, తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు.

కుంగిన మనిషికి సభ కన్నా గడప దాటడమే పెద్ద పని. ఈ జబ్బులో బుద్ధి పుట్టాక లేద్దామని కాచుకుంటే ఆ బుద్ధి పుట్టదు. ముందు పని, తర్వాత ఇష్టం అన్న వరుసలో మనిషిని కదిలించే పద్ధతిని మానసిక వైద్యులు బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. టైము ముందే ఖాయమవడం, ఆటో వీధి చివరికే రావడం, పక్కింటివాడు వచ్చి “ఇంట్లో కూర్చుని ఏం చేస్తావన్నా, లే, మీటింగుకు పోదాం” అనడం తెలియకుండానే ఆ పద్ధతికి దగ్గరగా ఉంటాయి. అయితే వైద్యంలో అడుగులు చిన్నవి, మనిషి ఓపికను బట్టి వేసేవి. సభలో ఆ వెసులుబాటు లేదు. నాయకుడు రెండు గంటలు ఆలస్యమైతే ఎండలో, బారికేడ్ల మధ్య, డీజే పక్కనే కూర్చోవాలి. నిద్ర పట్టని మనిషికి ఆ మోత తలలో దిగినట్టే ఉంటుంది. కింద పడేసిన నీళ్ల ప్యాకెట్లు కాళ్ల కింద పేలుతుంటాయి, లేచి పోదామంటే దారి ఉండదు. వెళ్లాలనుకునేవాళ్లు అంచున, బయటికి దారి ఉన్న వైపు కూర్చోవడం తెలివైన పని.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు ముప్పై కిలోమీటర్లు, దారిలో బనవాసి. ఎమ్మిగనూరు పేరు చెబితే చేనేత గుర్తొస్తుంది. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి పేరు, పని రెండూ తెచ్చింది. మగ్గాలు తగ్గినా వేదిక ఎక్కిన ఏ నాయకుడూ నేతన్న మాట ఎత్తకుండా దిగడు. 2023 అక్టోబరు 19న దర్జీలు, రజకులు, నాయీ బ్రాహ్మణులకు పది వేల రూపాయల చొప్పున ఇచ్చే జగనన్న చేదోడు సొమ్మును జగన్ ఇక్కడి నుంచే విడుదల చేశారు. 2024 ఎన్నికల ముందు, మార్చి 29న, ఆయన ‘మేమంతా సిద్ధం’ బస్సు యాత్ర సభ కూడా ఇక్కడే జరిగింది.

ప్రసంగాన్ని కుంగిన మనసు వినే తీరు వేరు. డిప్రెషన్‌లో ఏకాగ్రత తగ్గుతుంది, పత్రికలో పేరా పూర్తి చేయడమే కష్టం. ప్రచార ప్రసంగానికి అంత ఏకాగ్రత అక్కర్లేదు. చెప్పిందే మళ్లీ చెబుతారు, “అవునా, కాదా?” అని అడుగుతారు, చేతులెత్తమంటారు. గుంపుతో పాటు ఒక్కసారి “అవును” అన్నా, ఆ రోజంతా నోరు విప్పనివాడు మాట్లాడినట్టే. చేయి ఎత్తకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో, వీధిలో పదిమంది “ఏమైంది?” అని అడుగుతారు, సభలో అడిగేవాడు లేడు. ఆ ఊరట చిన్నది కాదు. ఇక హామీల దగ్గర మనసు ఎదురు తిరుగుతుంది. ‘మీ బతుకులు మారుస్తాం’ అన్నది అందరికీ వర్తిస్తుందేమో గానీ నాకు కాదు అనుకోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. ప్రత్యర్థుల మీద కోపం రగిలించే మాటలు కాసేపు ఉత్సాహంలా అనిపించి ఇంటికొచ్చేసరికి అలసటగా మిగులుతాయి.

పాదయాత్రల్లో పరిస్థితి కొంత మెరుగు. నడక ఉంటుంది, ఎదురుపడిన రైతుకో విద్యార్థికో రెండు నిమిషాలైనా తన గోడు చెప్పుకునే వీలుంటుంది. యువగళంలో రోజూ జనంతో సెల్ఫీలు దిగే కార్యక్రమం ఉండేది. నవ్వు రానివాడికి అదొక పరీక్ష, వరుసలో నిలబడకపోతే సరి.

జనం చెదిరిపోయాక మొదలయ్యే గంటలు అన్నిటికన్నా కష్టం. అందరూ ఆటోల్లో కేకలేసుకుంటూ పోతుంటే లోపల ఏమీ కదలలేదని తెలియడం దిగులును పెంచుతుంది. ఒంటరిగా తిరిగి రాకుండా, వెళ్లినవాళ్లతోనే వచ్చి, టీ తాగి ఇంటికి చేరడం మంచిది.

సభలు మనసును కాసేపు మళ్లిస్తాయే గానీ జబ్బు నయం చేయవు. ఉరుకుంద ఈరన్న గుడికో, మంత్రాలయానికో, దర్గాకో వెళ్లడం ఇక్కడి ఆనవాయితీ, దాన్ని మానుకోనక్కర్లేదు. అయితే రెండు వారాలకు మించి రోజూ దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడడం, ఒళ్లు నొప్పులు, బతకాలని లేకపోవడం వంటివి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం పోలేనివాళ్లకు ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 ఉంది. రాహుల్ యాత్ర జిల్లాలోకి రావడానికి కొద్ది రోజుల ముందు, 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లు, తెలుగులోనూ అందుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాలి. మందుల ఫలితం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అందుకే సుగ్గికి పోయేవాళ్లు ఎన్నాళ్లు ఊరు వదిలి ఉంటారో డాక్టరుకు ముందే చెప్పి, అన్నాళ్లకూ మందులు ఎలా అందుతాయో మాట్లాడుకుని పోవాలి.