మొదటి పదహారు బైట్లు

తెలుగు చెప్పుకొని బ్రతికే మేము యంత్రముల గుట్టు గురించి వ్రాయబూనుట సాహసమే. అయినను గత వేసవిలో మా కళాశాల కంప్యూటరు గదిలో మూడు రాత్రులు మేల్కొన్న పిమ్మట, ఆ సాహసమునకు కొంత అర్హత సంపాదించుకొన్నామని అనుకొంటున్నాము.

ఒక ఉదయము పూర్వ విద్యార్థిని ఒకామె మా గదికి వచ్చినది. ఉపాధ్యాయినిగా ఎంపికయినదట. కళాశాల ఇచ్చిన బదిలీ పత్రములో ఆమె పేరు ఒక తీరుగా, తక్కిన పత్రములలో మరొక తీరుగా ఉన్నది. పేరులో నాలుగవ స్థానమున పొల్లు ఉండవలెనా, కొమ్ము ఉండవలెనా అన్నదే భేదము.

"సార్, సోమవారంలోగా కాలేజీ అసలు రికార్డు తెమ్మన్నారు. లేకపోతే నా తరువాతి వాళ్ళను పిలుస్తారట" అన్నది.

"కూర్చో అమ్మా, చూద్దాము" అన్నామే గాని, చూచుటకు ఏమున్నది? కాగితపు రిజిస్టరు వానలకు తడిసి ఎన్నడో ముద్దయినది. మిగిలినది కంప్యూటరులోని ప్రతి. అది గూఢలిపిలో ఉన్నది. దానిని వ్రాసిన పాత ప్రోగ్రాము పాత యంత్రముతోనే పోయినది. తాళపుచెవి వంటి 32 అక్షరముల సంకేతము మాత్రము ఒక ఫైలులో దక్కినది.

కంప్యూటరు శాఖలోని మా మిత్రుడు కొత్త ప్రోగ్రాము వ్రాసి, ఆ సంకేతమును ఇచ్చి చూచినాడు. తప్పు అన్న ఒక్క మాట తప్ప ఏమియు రాలేదు. "సార్, తాళం అదే, చెవి అదే. తలుపే తెరుచుకోవటం లేదు" అన్నాడు.

తాళము నిజముగా అదే. దాని పేరు ఏ.ఇ.ఎస్. బెల్జియం పండితులు డామెన్, రైమెన్ కల్పించిన ఈ పద్ధతిని 2001లో అమెరికా ప్రమాణముగా స్వీకరించినది. ఇది వ్రాతను 16 బైట్ల గడులుగా కోసి, గడి గడిని మూసివేయును. అయితే పాత ప్రోగ్రాము వాడినది ఎమ్‌క్రిప్ట్ అను గ్రంథాలయము, 2017లో పి.హెచ్.పి. భాష 7.2వ కూర్పు నుండి దానిని తొలగించినారు. కొత్తది వాడునది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. చివరి గడి నిండకపోయినచో ఎమ్‌క్రిప్ట్ మిగిలిన చోటును సున్నాలతో నింపును. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అట్లు కాదు. మూడు బైట్లు తక్కువైన మూడు అను అంకెను మూడు మార్లు, అయిదు తక్కువైన అయిదును అయిదు మార్లు వ్రాయును. విప్పునప్పుడు ఆ అంకె కనబడకపోయిన మొత్తమును తిరస్కరించును. ఉర్దూలో సున్నాను సిఫర్ అందురు. సైఫర్ అను ఆంగ్ల పదమునకు మూలము ఆ అరబ్బీ మాటయే. సిఫర్‌ను చూచి సైఫర్ బెదరినదని మేమనగా మిత్రుడు నవ్వలేదు. అప్పటికి రాత్రి రెండు గంటలు.

ఆ పరీక్షను మాన్పించగా తలుపు తెరుచుకొన్నది. తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, అన్నియు చక్కగా వచ్చినవి. కాని ప్రతి నమోదులోను మొదటి 16 బైట్లు చెదలు తిన్నట్లున్నవి. ఆ 16 బైట్లలోనే పేరు ఉన్నది! తెలుగున ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు పట్టును గనుక, అయిదు గుర్తులును, ఆరవదానిలో మూడవ వంతును మాయము. ఈ పత్రికకు కుడి వైపు నుండి వచ్చు ఉర్దూ పాఠకులు అదృష్టవంతులు. వారి అక్షరమునకు రెండు బైట్లే.

కారణము మిత్రుడే చెప్పినాడు. ప్రతి గడిని మూయుటకు ముందు దానిని, అంతకు ముందు మూసిన గడితో కలుపుదురు. మొదటి గడికి ముందు ఏమియు లేదు గనుక అచట కల్పిత గడి ఒకటి పెట్టుదురు. దానిని ఇనిషియలైజేషన్ వెక్టర్ అందురు. పాతవారు ఏమి పెట్టినారో తెలియదు. కొత్త ప్రోగ్రాము సున్నాలు పెట్టుకొన్నది.

మూడవ రాత్రి మిత్రుడు మూసి ఉన్న నమోదుల తొలి గడులను వరుసగా తెరపై పేర్చినాడు. ఒకే గడి పదే పదే కనబడుచున్నది. మాకు బాగ్దాదు పండితుడు అల్ కిందీ గుర్తుకు వచ్చినాడు. ఏ అక్షరము ఎన్ని మార్లు వచ్చునో లెక్కించి గూఢలిపిని భేదించుటను 9వ శతాబ్దమున వ్రాసిన మహనీయుడు. మా వంటి కళాశాలలో పేర్లన్నింటికి మొదట తరచుగా వచ్చు మాట ఏది? మహమ్మద్ కాక మరేమి! ఆ పేరులో ఏడు గుర్తులు. అవి 16 బైట్లను దాటును గనుక ఆ పేరిటి వారందరికి తొలి గడి ఒకటే. రెండవ గడి మొదట విరిగిన ముక్క ఒకటి, వెనుక పొల్లు, ఆ తరువాత ఖాళీ కనబడుచున్నవి, విరిగినది దకారము. మొహమ్మద్ అని వ్రాసి ఉన్నచో అచట పూర్తి దకారము నిలిచి ఉండెడిది.

సున్నాలతో విప్పగా వచ్చిన చెత్తను, ఊహించిన పేరుతో బైటు బైటుకు కలుపగా వెక్టర్ బయటపడినది. దానిని పెట్టి విప్పగా ఇంకొక పెద్ద గుంపు సయ్యద్ అని వచ్చినది. ఒకే వెక్టర్‌ను అందరికి వాడుట భద్రత దృష్ట్యా పెద్ద తప్పు అని మిత్రుడు నొచ్చుకొన్నాడు. ఆ తప్పు చేయకుండినచో మేము ఇంటికి పోవలసినదే. ఒక్కొక్క నమోదుకు ఒక్కొక్కటి వాడి, దానిని ఎక్కడను వ్రాసి ఉంచకపోయిన, మహమ్మద్ తెలిసినను సయ్యద్ తెలియదు.

పరీక్షకు మా నమోదును తెరిచాము. మేమును ఇచ్చటి విద్యార్థులమే. గుడిదీర్ఘము ఉండవలసిన చోట గుడి ఉన్నది. ఇన్నేళ్ళుగా మాకు ఆ సంగతి తెలియదు.

ఆమె నమోదులో నాలుగవ స్థానమున కొమ్మే ఉన్నది. పొరపాటు బదిలీ పత్రము వ్రాసిన మా కార్యాలయముదే. శనివారము మధ్యాహ్నము ప్రిన్సిపాలుగారు సవరణ పత్రముపై సంతకము చేశారు. ఆమె పేరును ఒకసారి వేలితో తడిమి, తడి ఆరలేదని ముద్రపై ఊది, మడవకుండ ఫైలులో పెట్టుకొని బస్సు వేళయినదని వెళ్ళినది. మేము గుడిదీర్ఘమునకై దరఖాస్తు వ్రాసుకొనుటకు కూర్చున్నాము.