పేరు చూసి వినే చెవులు

ఐదో స్థానం. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన అమెరికా ఎన్.ఎస్.ఎ. కాగితాల్లో ఇండియాది ఆ స్థానం. ఆ ఏడాది మార్చి ఒక్క నెలలోనే మన దేశం నుంచి 630 కోట్ల సమాచారాలు లాగారు. ఇందులో హిందువూ ఉన్నాడు, ముస్లిమూ ఉన్నాడు కదా అని, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం ఊరట కలిగింది. తర్వాత పైనున్న నాలుగు పేర్లు చదివాను: ఇరాన్, పాకిస్తాన్, జోర్డాన్, ఈజిప్టు.

దీనికి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2015లో ఐక్యరాజ్యసమితిలో 20 దేశాల నిపుణులు కూర్చుని, సైబర్ లోకంలో ప్రభుత్వాలు ఎలా మసలుకోవాలో 11 సూత్రాలు రాశారు. 2021లో సభ్యదేశాలన్నీ వాటికి మళ్లీ తలూపాయి. జనం బతుకు ఆధారపడ్డ వ్యవస్థల్ని దెబ్బతీయొద్దు, మనుషుల ప్రైవసీని గౌరవించండి అన్నారు. బలవంతమేం లేదు, ఇష్టముంటే పాటించొచ్చు. గూఢచారి పని మానుకోమని మాత్రం ఒక్క ముక్క లేదు. ఎట్లా ఉంటుంది? రాసుకున్నోళ్లందరికీ ఆ పని ఉంది.

మాది గుడిబండ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సంతలో కన్నడం. గల్ఫ్‌లో ఉన్న భాయ్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు అమ్మీ పక్కనే నిలబడి చెయ్యి ఊపుతుంది, రాజకీయాలొద్దని. మేం మాట్లాడేది చెనక్కాయల ధర, చెల్లి నిఖా. అయినా గొంతు తగ్గిస్తాం. పెగాసస్ పేరు ఆమెకు తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.

ఆ పెగాసస్ మీద 2021 అక్టోబర్ 27న జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం కమిటీ వేసింది. 2022 ఆగస్టులో తేలిందేమిటి? చూసిన 29 ఫోన్లలో అయిదింట్లో ఏదో మాల్‌వేర్ ఉంది, అది పెగాససేనని తేలలేదు, కేంద్రం సహకరించలేదు. తెలంగాణలో 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారుల్నే అరెస్టు చేశారు. ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది ఆరోపణ. నాయకుల ఫోన్లు కాబట్టి పేపర్లు నెలల తరబడి రాశాయి.

2021 మేలో హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్తను పోలీసులు రోడ్డు మీద ఆపి మాస్కు తియ్యమన్నారు. తియ్యనన్నాడు. అట్లాగే ఫోటో తీసుకున్నారు. ముఖాలు గుర్తుపట్టే యంత్రాలున్న ఊరది. ఏ చట్టం కింద తీశారో చెప్పమని ఆయన నోటీసిచ్చాడు, జవాబు రాకపోతే హైకోర్టుకెక్కాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వాన్ని సమాధానం అడిగింది.